భరతుడు కాదన్న తొమ్మిదిమంది

బి.ఆర్. చోప్రా 'మహాభారత్' ధారావాహికను గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకొంటే తప్పనిసరిగా వచ్చే ప్రస్తావనలు కొన్ని ఉన్నాయి. శకుని పాచికలు, నిండుసభలో ద్రౌపది, ముకేష్ ఖన్నా భీష్ముడు, నితీశ్ భరద్వాజ్ చిరునవ్వు, మహేంద్ర కపూర్ గొంతులో గీతాశ్లోకాలు. తొంభైనాలుగు భాగాలలో ఎవరికి నచ్చినవి వారు ఏరుకొంటారు. మొదటి భాగాన్ని ఏరుకొన్నవారు మాత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు. 1988 అక్టోబరు 2, ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో ప్రసారమైన ఆ మొదటి భాగాన్ని ఉపోద్ఘాతమని, పేర్లు పడే సమయమని, కథ ఇంకా మొదలు కాలేదని చాలామంది పక్కన పెట్టేశారు. కథ అంతా అక్కడే ఉన్నదని నా అభిప్రాయం. ఆ భాగాన్ని తీసివేస్తే మిగిలిన తొంభైమూడింటికి కొలబద్ద ఉండదు.

చూచి చాలాకాలమైనవారి కోసం ఆ భాగంలోని విషయం క్లుప్తంగా చెబుతాను. చీకటిలో కాలచక్రం. 'నేను కాలాన్ని' అని పరిచయం చేసుకొనే ఒక కంఠం. ఆ పిమ్మట దుష్యంత శకుంతలల కుమారుడైన భరతచక్రవర్తి కనబడతాడు. రాజ్ బబ్బర్ ఆ పాత్ర ధరించాడు. దిగ్విజయం పూర్తయింది, ఇక యువరాజును ప్రకటించాలి. భరతునికి తొమ్మిదిమంది కొడుకులు. సభ అంతా పెద్దకొడుకు పేరు వినడానికి సిద్ధంగా ఉంటుంది. రాజు చేయవలసిన పనులు మూడని భరతుడు చెబుతాడు: న్యాయం చేయడం, రాజ్యాన్నీ ప్రజలనూ కాపాడడం, తన తరువాత ఆ రెండు పనులూ చేయగల యువరాజును దేశానికి ఇవ్వడం. తన కొడుకులలో ఆ యోగ్యత తనకు కనబడలేదని చెప్పి, భరద్వాజుని కుమారుడైన భుమన్యుని తన పుత్రునిగా స్వీకరించి యువరాజును చేస్తాడు. కన్నబిడ్డలకు అన్యాయం చేశావేమని తల్లి శకుంతల అడుగుతుంది. రాజు తన దేశంకన్న, ప్రజలకన్న పెద్దవాడు కాడన్నది అతడి సమాధానపు సారం. కాలపురుషుడు జన్మను, కర్మను త్రాసులో వేసి, భరతుడు కర్మవైపు మొగ్గినాడని వ్యాఖ్యానించి, తరాలు దాటించి మనలను శంతనుని వద్దకు తీసుకొనిపోతాడు. గంగ వస్తుంది, షరతు పెడుతుంది, తక్కిన కథ మనకు తెలిసినదే.

ఇంతే. యుద్ధం లేదు, మాయ లేదు, బాణాలు ఎదురెదురుగా వచ్చి ఆకాశంలో ఢీకొనడం లేదు. ఒక రాజు సభలో లేచి నిలబడి ఒక పేరు చెబుతాడు, అంతే.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి కొద్ది సంవత్సరాలే. వీధికి ఒకటో రెండో టీవీలు. హిందీ వచ్చినవారు తక్కువ కనుక తెలుగు పండితుడనైన నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి అర్థం చెప్పమనేవారు. సంస్కృతం తెలిస్తే హిందీ దానంతట అదే వస్తుందన్నది మా వీధివారి నమ్మకం. ఆ మొదటి ఆదివారం పది నిమిషాలు గడిచేసరికి ఒక పెద్దాయన, "ఏమండీ మాస్టారూ, పాండవులు ఎప్పుడొస్తారు?" అని అడిగాడు. ఇంకా చాలా వారాలు పడుతుందన్నాను. "అయితే అప్పుడే పిలవండి" అని లేచి వెళ్ళిపోయాడు. ఆయనను తప్పు పట్టను. తెలుగువాడికి భారతమంటే రాయబారంతో మొదలవుతుంది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు రాత్రంతా చూచి పెరిగిన చెవులవి. సినిమాకు వస్తే మాయాబజార్, నర్తనశాల, దానవీరశూరకర్ణ. వీటిలో దేనిలోనూ భరతునితో మనకు పని లేదు. 1962లో వచ్చిన 'భీష్మ' కూడా శంతనుని తరం నుండే కథ ఎత్తుకొన్నది.

భరతుడు మనకు తెలియనివాడని కాదు. తెలిసినవాడు బాలుడు. సింహపుపిల్ల నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టే పసివాడు. కాళిదాసు నాటకం ఆ పిల్లవాడిని తండ్రికి అప్పగించి ముగిసిపోతుంది. నన్నయ శకుంతలోపాఖ్యానాన్ని పాఠంగా చెప్పిన మాబోటివాళ్ళం కూడా సభలో శకుంతల సత్యవాక్యాన్ని గురించి పలికే పద్యాల దగ్గర గొంతు సవరించుకొని, ఆకాశవాణి పలికి దుష్యంతుడు కొడుకును స్వీకరించగానే పుస్తకం మూసేవాళ్ళం. ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడై, తానే తండ్రియై, ఏ సభలో తనను నిరాకరించారో అటువంటి సభలోనే తన కొడుకులను తాను నిరాకరించాడన్న సంగతి పాఠంలో లేదు. పరీక్షలోనూ రాదు.

ఈ ఘట్టం సీరియల్‌వాళ్ళు కల్పించినదని వాదించినవారు ఉన్నారు. కల్పన కాదు. వ్యాసభారతం ఆదిపర్వంలో పూరువంశాన్ని రెండుచోట్ల, రెండు విధాలుగా చెబుతారు. ఒకచోట వచనంలో, భరతుడు కాశీరాజవంశానికి చెందిన సునందను పెండ్లాడి ఆమెయందు భుమన్యుని కన్నాడని ఉన్నది. అక్కడ చిక్కేమీ లేదు. రెండవచోట మాత్రం, ముగ్గురు భార్యలయందు తొమ్మిదిమంది పుట్టారని, వారు తనకు తగినవారు కారని రాజు సంతోషించలేదని, తరువాత మహాక్రతువులు చేసి భరద్వాజుని వలన భుమన్యుని పొంది యువరాజుగా అభిషేకించాడని ఉన్నది. ఈ 'వలన' అన్న పంచమీ విభక్తి దగ్గర వ్యాఖ్యాతకు బోలెడంత చోటు. భరద్వాజుని అనుగ్రహం వలననా? భరద్వాజునికే పుట్టినవాడినా? సంస్కృతంలో ఎంత సందిగ్ధమో, మన తెలుగు 'వలన'లోనూ అంతే సందిగ్ధం. సీరియల్ రచయిత రెండవ అర్థం తీసుకొన్నాడు. ఆ స్వాతంత్ర్యం మూలమే ఇచ్చినది.

భాగవతం నవమస్కంధం ఇంకా ముందుకు వెళుతుంది. అక్కడ మరుత్తులు భరద్వాజుని తెచ్చి భరతునికి బిడ్డగా ఇస్తారు. కన్నవారు వదిలివేసిన బిడ్డ అతడు. వంశం వితథమైనవేళ వచ్చినవాడు కనుక వితథుడని పేరు. పోతనగారి తెలుగు భాగవతంలోనూ ఈ కథ ఉన్నది. ఏ దారిన వెళ్ళినా తేలేది ఒకటే: ఎవరి పేరు మీద భారతవంశమన్నారో, ఆ భరతుని రక్తం ఆ వంశంలో ప్రవహించడం లేదు. తరువాత వ్యాసుని వలన ధృతరాష్ట్ర పాండురాజులు పుట్టినప్పుడు మరొకసారి తెగినది. దేవతల వలన పాండవులు పుట్టినప్పుడు ఇంకొకసారి తెగినది. మూడుసార్లు తెగిన దారాన్ని పట్టుకొని, ఇది మా తాతలనాటి సొత్తు అని అన్నదమ్ములు పద్దెనిమిది అక్షౌహిణులను చంపించారు. ఇంత పెద్ద చమత్కారాన్ని కథ మొదటనే, కనబడేలా పెట్టడం ఆ మొదటి భాగం చేసిన పని.

ఇక్కడ ఒక పండితాక్షేపణ కూడా చెప్పి ముందుకు పోతాను, లేకపోతే మనసు ఊరుకోదు. సీరియల్‌లో భరతుడు ఏలేది హస్తినాపురం. ఆ నగరం హస్తి అనే రాజు పేరు మీద వెలసినది. ఆ హస్తి భుమన్యుని తరువాతివాడు. భరతుడు ఇంకా కట్టని ఊరిలో ఎట్లా ఉన్నాడని అడగవచ్చు. అడిగేముందు, వ్యాసభారతంలోనే శకుంతల కొడుకును వెంటబెట్టుకొని వెళ్ళిన పట్టణానికి ఏనుగు పేరే ఉన్నదని గుర్తుంచుకోవాలి. ఈ విషయంలో చోప్రాగారు వ్యాసునితో కలిసి దోషులు.

అసలు ఫిర్యాదు వేరే ఉన్నది. వ్యాసభారతపు కొన్ని పాఠాలలోను, భాగవతంలోను ఉన్న ఒక భయంకరమైన సంగతిని సీరియల్ వదిలివేసినది. తొమ్మిదిమందినీ రాజు కాదన్న తరువాత వారి తల్లులే వారిని చంపుకొన్నారు. కోపంతో అని భారతం, భర్త తమను వదిలివేస్తాడన్న భయంతో అని భాగవతం. ఆదివారం ఉదయం పిల్లాపాపలతో చూచే కార్యక్రమంలో ఇది చూపడం కష్టమే. అయినా, అది లేకపోవడం వలన భరతుని నిర్ణయం చాలా తేలికైపోయినది. యోగ్యతను గురించి ధర్మం పలకడం ఒకటి, దానికి మూల్యం ఎవరు చెల్లించారన్నది మరొకటి. మూలకవి ఆ మూల్యాన్ని రెండుమూడు శ్లోకాలలోనే చెప్పినా, చెప్పకుండా మాత్రం పోలేదు. సీరియల్ అంతఃపుర కవాటం మూసి, సభను మాత్రమే చూపినది.

దానికి బదులుగా శకుంతల నోట ఒక ప్రశ్న పెట్టారు. ఆ ప్రశ్న ఆమె నోట రావడంలోనే బరువంతా ఉన్నది. బిడ్డను చంకన వేసుకొని, వీడు నీ కొడుకని ఒక రాజుకు ఋజువు చేయలేక నిలబడిన స్త్రీ ఆమె. తండ్రి కొడుకును కాదంటే ఎట్లా ఉంటుందో ఆ సభలో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆమె ప్రశ్నకు భరతుడిచ్చిన సమాధానం రాజుగా గొప్పది, కొడుకుగా చాలదు. ఆ చాలకపోవడాన్ని గమనించి చూస్తేనే ఈ సన్నివేశం విలువ తెలుస్తుంది. అట్టముక్కల స్తంభాలు, జిగేలుమనే నగలు, విగ్గులు చూచి నవ్వుకొనేవారికి తెలియదు.

కథ చెప్పేవాడిని మార్చడం మరొక మంచి ఆలోచన. మన భారతంలో కథను వైశంపాయనుడు జనమేజయునికి చెబుతాడు, దానిని సూతుడు నైమిశంలో శౌనకాదులకు చెబుతాడు. వినే జనమేజయుడు అర్జునుని మునిమనుమడు. తన తాతముత్తాతల కథ తానే వింటున్నాడు, కనుక ఎవరి పక్షం గెలిచినదో ముందే తెలిసిన సభ అది. సీరియల్‌లో కాలం చెబుతుంది. కాలానికి గోత్రం లేదు, ఏ వంశానికీ మనుమడు కాదు. జన్మకన్న కర్మ మిన్న అని చెప్పబోయే కథకు ఏ వంశానికీ చెందని కథకుడిని నిలపడం నాకు ఎంతో ఉచితంగా తోచినది. హరీశ్ భిమానీ ముఖం ఒక్కసారైనా తెర మీద కనబడదు. ఆ కంఠానికి రూపం ఇవ్వకపోవడమే మేలైనది.

ఇప్పుడు నేను కొలబద్ద అన్న మాట దగ్గరకు వస్తాను. మనవారికి భీష్మప్రతిజ్ఞ అంటే పరమత్యాగానికి మారుపేరు. పట్టుదలకు తెలుగులో జాతీయమైపోయినది. ఆ ప్రతిజ్ఞ సన్నివేశం సీరియల్‌లో ఎంత ప్రసిద్ధమో చెప్పనక్కరలేదు. కాని మొదటి భాగం చూచినవాడు దానిని మరొక కంటితో చూడక తప్పదు. భరతుడేమి చేశాడు? ఎదుట నిలబడిన తొమ్మిదిమంది కొడుకులను పరీక్షించి, చాలరని, రాజ్యాన్ని పరాయివాడికిచ్చాడు. దేవవ్రతుడేమి చేశాడు? అన్ని యోగ్యతలూ ఉండి యువరాజుగా ప్రజలు మెచ్చిన తనను తాను తొలగించుకొని, ఇంకా పుట్టని, ఎట్లా ఉంటాడో తెలియని ఒక బిడ్డకు రాజ్యాన్ని వ్రాసి ఇచ్చాడు. ఎందుకు? తండ్రి కోరిక తీరడానికి. కొడుకుగా అంతకన్న గొప్ప కొడుకు లేడు. రాజ్యం మాటేమిటి? ప్రజల మాటేమిటి? దాశరాజు అడిగినది కూతురి బిడ్డకు హక్కు. ఆ హక్కును గురించి బేరమాడడానికి సింహాసనం భీష్మునిది కాదు, శంతనునిది కూడా కాదు. భరతుని లెక్కలో అది ఎవరి సొత్తూ కాదు.

సంస్కృతంలో దాయమంటే పంచుకొనే పిత్రార్జితం, దాయాదుడంటే అందులో వాటాదారు. మన తెలుగులో దాయాది అనగానే వాటాకన్న ముందు పగ గుర్తుకు వస్తుంది. భాషకు అనుభవం ఎక్కువ. రాజ్యాన్ని దాయం కానివ్వనివాడు భరతుడు, మళ్ళీ దాయం చేసినవాడు, ఎంత పుణ్యాత్ముడైనా, దేవవ్రతుడు. అక్కడినుండి చిత్రాంగద విచిత్రవీర్యులు, సంతానం లేని రాణులు, నియోగం, అంధుడైన పెద్దవాడు, పాండురోగియైన చిన్నవాడు, ఇద్దరిలో ఎవరి కొడుకు పెద్దవాడన్న తగవు. భీష్ముడు ఒక్కొక్క మెట్టులోనూ తన మాటను నిలబెట్టుకొంటూనే ఉన్నాడు, రాజ్యం ఒక్కొక్క మెట్టు దిగుతూనే ఉన్నది. ఆ ప్రతిజ్ఞ చేసినప్పుడు పూలవాన కురిపించిన దేవతలు మొదటి భాగం చూడలేదు కాబోలు.

ఈ భాగానికి మాటలు వ్రాసినవారెవరో చెప్పకపోతే విషయం సగమే చెప్పినట్లవుతుంది. ఈ సీరియల్ సంభాషణల రచయిత రాహీ మాసూమ్ రజా. గంగాతీరంలోని గాజీపూర్ ప్రాంతంలో గంగౌలీ గ్రామానికి చెందినవారు. 'ఆధా గావ్' నవలాకర్త. 1927లో పుట్టి 1992లో గతించారు. మహాభారతానికి ఆయన మాటలు వ్రాయబోతున్నారని తెలిసినప్పుడు, హిందువుల గ్రంథం ముస్లిము చేత వ్రాయించడమేమని చోప్రాకు ఉత్తరాలు వచ్చాయి. మొదట వ్రాయనన్న రజా, ఆ ఉత్తరాలు చూచిన తరువాత తాను గంగమ్మ బిడ్డనని చెప్పి పట్టుబట్టి వ్రాశారు. పద్యం విని మెచ్చుకొని, కవి కులం తెలిసిన తరువాత ముఖం చిట్లించుకొన్నవారి కథ జాషువా వలన మనకూ తెలిసినదే. పుట్టుక అడిగి యోగ్యతను తేల్చే ఆ ఉత్తరాలు అందుకొన్న మనిషి కలం నుండి, జన్మ పెద్దదా కర్మ పెద్దదా అన్న ప్రశ్నతో సీరియల్ మొదలైనది. నాకు దీనిలో కాకతాళీయం కనబడదు. ఉత్తరాలు వ్రాసినవారికి ఆయన వేరే సమాధానం ఇవ్వవలసిన పని లేకపోయినది.

ఆయన భాష గురించి ఒక మాట. ఉర్దూలో పండిన రచయిత తత్సమాలతో నిండిన హిందీ వ్రాశాడు. యువరాజు, న్యాయం, ప్రజ, కర్తవ్యం, వచనం: ఈ మాటలు పట్టుకొనే మా వీధివారు సగం కథ అర్థం చేసుకొనేవారు. నా వ్యాఖ్యానం అవసరం రానురాను తగ్గిపోయినది కూడా. పితాశ్రీ, మాతాశ్రీ అన్న పిలుపులు ఏ ప్రాచీన గ్రంథంలో ఉన్నాయని అప్పట్లో నన్ను పిల్లలు అడిగేవారు. నా చెవికి అవి అబ్బాజాన్, అమ్మీజాన్‌లు ధోవతి కట్టుకొని వచ్చినట్లు వినబడేవి. వినడానికి బాగున్నాయి, నిలిచిపోయాయి.

ఒక అతిశయోక్తిని మాత్రం ఒప్పుకోలేను. భరతుడు నాటినది ప్రజాస్వామ్యపు బీజమన్న ధోరణి ఆ వ్యాఖ్యానంలో వినబడుతుంది. భరతుడు ప్రజలను అడగలేదు. యోగ్యత ఏమిటో నిర్ణయించినవాడు అతడే, పరీక్షకుడూ అతడే, ఫలితం చదివినవాడూ అతడే. తొమ్మిదిమందికీ తమ మాట చెప్పుకొనే అవకాశం లేదు. దీనిని ప్రజాస్వామ్యమనడం ఆ మాటకు మర్యాద కాదు. కాని 1988ని గుర్తు చేసుకోండి. నెహ్రూ, ఇందిర, రాజీవ్ అని ఒకే ఇంట మూడవతరం ప్రధానమంత్రి కొలువులో ఉన్న సంవత్సరం. ప్రభుత్వం చేతిలోని ఏకైక టీవీ వ్యవస్థ. ఆ తెర మీద, గాంధీజయంతి నాడు, ఒక చక్రవర్తి లేచి నా కొడుకులు చాలరు అన్నాడు. అంతకు రెండు నెలల క్రితం వరకు, జులై 31తో ముగిసిన రామానంద్ సాగర్ 'రామాయణ్'లో, జ్యేష్ఠపుత్రునికి దక్కవలసిన సింహాసనం దక్కలేదని దేశమంతా కన్నీరు కార్చినది. ఆ కన్నీటి తడి ఆరకముందే ఈ రెండవ కథ వచ్చి, జ్యేష్ఠత్వం ఒక యోగ్యతేనా అని అడిగినది. రామునియందు రెండూ కలిసివచ్చాయి కనుక ఆ ప్రశ్న రాలేదు, కలిసిరానప్పుడు ఏమిటన్నది భారతం. ఇప్పటికీ పార్టీలకతీతంగా, మన రెండు తెలుగు రాష్ట్రాలలో సహా, వారసుల పేర్లు సభలలో ఏ విధంగా ప్రకటింపబడుతున్నాయో చదువరులకు నేను చెప్పనక్కరలేదు.

2020 మార్చిలో అందరం ఇండ్లలో చిక్కుకొన్నప్పుడు డీడీ భారతిలో ఈ సీరియల్ మళ్ళీ వేశారు. మార్చి 28న మొదటి భాగం. ఈసారి అర్థం చెప్పమన్నవారెవరూ లేరు కనుక నిశ్శబ్దంగా చూచాను. ఇరవై ఎనిమిదేండ్ల వయసులో చూచినప్పుడు భరతుడు నాకు ఆదర్శంగా కనబడ్డాడు. ఈసారి ఆ తొమ్మిదిమందిని వెదికాను. పాఠశాలలో నలభై సంవత్సరాలకు దగ్గరగా పిల్లలను 'పనికివస్తాడు', 'పనికిరాడు' అని వేరుచేయడాన్ని చూచినవాడికి ఆ వెదుకులాట సహజమే. వారు ఏ విషయంలో చాలరో సీరియల్ చెప్పలేదు. వ్యాసుడూ చెప్పలేదు, వారికి పేర్లు కూడా పెట్టలేదు. సత్యవతి కొడుకుల నుండి దుర్యోధనుని తమ్ముల వరకు అందరికీ పేర్లు దొరికే ఆ మహాగ్రంథంలో, భరతుని కన్నకొడుకులు కేవలం ఒక సంఖ్య.

చూడదలచినవారికి నాదొక సూచన. మొదటి భాగంతో మొదలుపెట్టి వరుసగా చూచుకొంటూ వెళ్ళండి. భీష్మప్రతిజ్ఞ ముగిసి పూలవాన వెలిసిన తరువాత, ముందుకు పోకుండా, వెనుకకు వచ్చి భరతుని సభను ఇంకొకసారి చూడండి. శకుంతల అడిగిన ప్రశ్న దగ్గర ఒక క్షణం ఆగండి.